‘క్విజ్’ మాట పుట్టుపూర్వోత్తరాలు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడుకోవలసిన చోట ఒక ఇంగ్లీషు మాట గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు కొంచెంసేపు నా ముఖం వంక చూశారు. తర్వాత “ఇరవై నిమిషాలు, అంతే” అన్నారు. ముప్పై ఆరేళ్లు గుమాస్తాగిరీ చేసిన వాణ్ణి, గడువు దాటితే మెమో వస్తుందని నాకు తెలియనిది కాదు.

ఆ మాట క్విజ్.

ఎందుకు ఎంచుకున్నానంటే, మనం ఉంటున్న వీధుల్లో రోజూ కళ్లబడే మాట అది. నారాయణగూడ వైపు నుంచి నడుచుకుంటూ చిక్కడపల్లి వచ్చి, అక్కడినుంచి అశోక్‌నగర్ చౌరస్తా దాకా పోయి చూడండి. కరెంటు స్తంభాలకు, గోడలకు, జిరాక్సు షాపుల షట్టర్లకు అన్నిటికీ కాగితాలే. డైలీ క్విజ్, వీక్లీ టెస్ట్, గ్రాండ్ టెస్ట్, మాక్ ఇంటర్వ్యూ. ఒకప్పుడు ఈ దారిలో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సినిమా హాళ్ల పోస్టర్లు చదువుకుంటూ పోయేవాళ్లం. ఇప్పుడు కోచింగ్ సెంటర్ల కాగితాలు చదువుకుంటూ పోతున్నాం. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ముందు పొద్దున తలుపులు తెరవకముందే పిల్లలు బ్యాగులు తగిలించుకుని వరుసలో నిలబడి ఉంటారు. మనలో చాలామంది ఇళ్ల పైభాగాలు ఆ పిల్లలకే అద్దెకిచ్చాం. కాబట్టి ఆ మాటలు ఎక్కడినుంచి వచ్చాయో తెలుసుకోవడం మనకు పనికిమాలిన పనేమీ కాదు.

ముందు దాని అన్నదమ్ముల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను.

టెస్ట్ అనేది లాటిన్ మాట ‘టెస్టుం’ నుంచి వచ్చింది. దానికి అర్థం మట్టి పాత్ర. బంగారం, వెండి కరిగించి అందులోని కల్తీని విడదీసే చిన్న మూసకు ఇంగ్లీషువాళ్లు ఆ పేరు పెట్టుకున్నారు. అంటే కంసాలి పుటం పెట్టడానికి వాడే మూస అన్నమాట. తర్వాత ఆ మూసలో జరిగే పనికీ అదే పేరు వచ్చింది, ఆ తర్వాత మనుషులకూ అంటుకుంది. పుటం పెడితే గాని బంగారం నాణ్యం తెలియదని మనం అనుకోవడం లేదూ, అదే ఊహ. ఎగ్జామినేషన్ కూడా లాటినే. ‘ఎగ్జామెన్’ అంటే త్రాసు ముల్లు. సరుకు సరిగ్గా తూగిందో లేదో చెప్పేది ఆ ముల్లే.

మన పరీక్ష సంస్కృతం. ‘పరి’ అంటే చుట్టూ, ‘ఈక్ష’ అంటే చూడటం. అన్ని వైపుల నుంచి తిప్పి చూడటం పరీక్ష. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కోశాగారంలో చేర్చదగిన రత్నాల పరీక్షకు ఒక అధ్యాయమే ఉంది. ఇక మనది హైదరాబాదు కాబట్టి ‘ఇమ్తెహాన్’ను వదలకూడదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలయింది. మన ముందు తరంవాళ్లు చాలామంది ఇమ్తెహాన్‌లే రాశారు. అది అరబ్బీ మాట. మనం రోజూ అనుకునే ‘మెహనత్’, అంటే కష్టం, అదీ అదే ధాతువు నుంచి వచ్చింది. పరీక్ష, కష్టం ఒక తల్లి పిల్లలన్నమాట. ఇది మాత్రం ఏ విద్యార్థీ కాదనడు.

చూశారుగా, ఒకటి మూస, ఒకటి ముల్లు, ఒకటి రత్నాన్ని తిప్పి చూసే కన్ను, ఒకటి చెమట. అన్నీ పెద్దమనిషి తరహా మాటలే. క్విజ్ అలాంటిది కాదు. దీనిది అల్లరి పుట్టుక.

ఈ మాట పుట్టుక గురించి ఒక కథ చాలా పుస్తకాల్లో కనబడుతుంది. ఐర్లండులో డబ్లిన్ నగరంలో రిచర్డ్ డాలీ అని నాటకశాల నడిపే ఆయన ఉండేవాడు. ఒకనాడు స్నేహితులతో పందెం వేశాడట, ఒక్క రోజులో అర్థం లేని ఒక కొత్త మాటను ఊరంతా పలికేటట్టు చేస్తానని. ఆ రాత్రి నాటకం అయిపోగానే మనుషులకు సుద్దముక్కలిచ్చి పంపి, కనబడ్డ గోడ మీదల్లా ‘క్విజ్’ అని రాయించాడట. తెల్లవారి లేచి జనం అంతా ఒకరినొకరు ఇదేమిటి, ఇదేమిటి అని అడుక్కున్నారు. డాలీ పందెం గెలిచాడు, మాటా మిగిలింది. అదీ కథ.

కథ బాగుంది, నమ్మడానికి మాత్రం వీలుగా లేదు. ఈ సంఘటన 1791లో జరిగిందని కొందరు చెబుతారు. కాని అంతకుముందే 1782లో ఫానీ బర్నీ అనే ఇంగ్లీషు నవలా రచయిత్రి డైరీలో ఈ మాట ఉంది. పైగా పందెం కథ అచ్చులో కనబడింది 1830లు వచ్చాకనే. నలభై ఏళ్ల తర్వాత వచ్చిన సాక్ష్యాన్ని మన ఆఫీసులో ఏ సూపరింటెండెంటూ ఒప్పుకోడు. తేదీలు కుదరని ఫైలు వెనక్కి పంపవలసిందే.

మరి 1782లో ఆ మాటకు అర్థం ఏమిటి? ప్రశ్నలూ కాదు, జవాబులూ కాదు. వింత మనిషి అని అర్థం. కట్టు, బొట్టు, మాట, నడక నలుగురిలా లేనివాణ్ణి క్విజ్ అనేవారు. మన వాడుకలో ‘వాడో రకం మనిషి’ అంటామే, అలాగ. తర్వాత మనుషులకే కాదు, వస్తువులకూ వాడారు. జేన్ ఆస్టెన్ రాసిన ‘నార్తాంగర్ ఆబీ’ నవలలో ఒక కుర్రవాడు చాలా రోజుల తర్వాత తల్లిని చూసి, క్షేమం అడగడంతోపాటే ఆమె టోపీని క్విజ్ అని వెక్కిరిస్తాడు. కన్నతల్లి టోపీని! అప్పట్లో దారంతో ఆడే చెక్కబిళ్ల ఆటవస్తువు ఒకటి, ఈనాటి పిల్లలు యోయో అంటారే, దాన్నీ క్విజ్ అన్నారు. మనకూ ‘ఆట పట్టించడం’ అనే మాట ఉంది. మనిషినే ఆటవస్తువు చేసి కిందికీ పైకీ ఆడించడం.

నామవాచకం నుంచి క్రియ పుట్టింది. క్విజ్ చేయడం అంటే ఎగతాళి చేయడం, వేళాకోళం ఆడటం, ఎదటివాడిని తేరిపార చూసి నవ్వుకోవడం. దానికొక పనిముట్టు కూడా ఉండేది. పిడి ఉన్న ఒంటి కంటద్దం. మెడలో గొలుసుకో పట్టు తాడుకో వేలాడేది. దాని పేరే క్విజింగ్ గ్లాస్. షోకైన దొరలు, దొరసానులు సభల్లో ఆ అద్దం కంటికి పెట్టి ఎదటివాళ్లను తల నుంచి పాదం దాకా చూసేవారు. చూపు ఆనక కాదు, చూస్తున్నానని ఎదటివాడికి తెలియడానికి. మన వీధుల్లో ఆ అద్దం అమ్మరు. దాని అవసరం లేకుండానే పని కానిచ్చేవాళ్లు ఉన్నారు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఈ వెక్కిరింత మాట చదువులోకి ఎలా వచ్చింది? పంతొమ్మిదో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి అమెరికాలో దీనికి ‘ప్రశ్నలు వేయడం’ అనే అర్థం స్థిరపడింది. అక్కడి వైద్య కళాశాలల్లో విద్యార్థులు పెద్ద పరీక్షకు ముందు చిన్న చిన్న బృందాలుగా కూర్చుని, డబ్బిచ్చి ఒక గురువు చేత నోటి ప్రశ్నలు వేయించుకునేవారు. వాటిని క్విజ్ క్లాసులనేవారు. ఆలోచిస్తే మన అశోక్‌నగర్ కోచింగ్‌కు అది తాత వరస. ఎగతాళి నుంచి ప్రశ్నకు ఎలా మారిందో పండితులు తలో మాటా చెబుతారు. ఇంక్విజిటివ్ అనే మాటలో ‘క్విజ్’ చప్పుడు ఉంది, దాని నీడ పడి ఉంటుందని కొందరంటారు. నా మట్టుకు నాకు అంత దూరం పోనక్కరలేదనిపిస్తుంది. నలుగురిలో నిలబెట్టి గబగబా ప్రశ్నలు వేస్తే, తెలియనివాడు నవ్వులపాలవుతాడు. మన బడుల్లో బెంచీ ఎక్కిన వాళ్లందరికీ ఈ శబ్దశాస్త్రం తెలుసు.

లాటిన్‌లో ‘క్వి ఎస్?’ అంటే ‘నువ్వెవరు?’ అని, పూర్వపు బడుల్లో నోటి పరీక్షకు మొదటి ప్రశ్న అదేనని, అందులోంచి క్విజ్ వచ్చిందని ఇంకో ఊహ ఉంది. దీనికీ గట్టి ఆధారం లేదు. కాని పెన్షనర్లకు మాత్రం ఈ ఊహ నచ్చి తీరాలి. ఏటేటా మనకు పెట్టే ఏకైక పరీక్ష అదే కదా. జీవన ప్రమాణ పత్రం! ‘నువ్వెవరు, ఇంకా ఉన్నావా?’ పూర్వం ట్రెజరీకి వెళ్లి మనిషి ఎదుట నిలబడి సంతకం పెట్టి వచ్చేవాళ్లం. ఇప్పుడు ఫోను ముందు ముఖం పెట్టి కళ్లు ఆర్పమంటే ఆర్పుతున్నాం. ఇందులో ఫెయిలయితే పెన్షను ఆగుతుంది, పాసయితే ఒక ఏడాది గ్రేసు.

మళ్లీ విషయానికి వస్తాను. 1936లో అమెరికా రేడియోలో ‘ప్రొఫెసర్ క్విజ్’ అని ఒక కార్యక్రమం మొదలయింది. దానితో ఈ మాట ఇంటింటికీ చేరి వినోదమయింది. మన దేశంలో 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ నడిపిన పోటీతో క్విజ్‌లకు ఒక ఊపు వచ్చింది. మన జంటనగరాల్లో కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్బు 1972లోనే పుట్టింది. బోర్న్‌విటా క్విజ్ కాంటెస్ట్ కూడా ఆ ఏడే మొదలయింది. రేడియోలో అమీన్ సయానీ గొంతు వినడం కోసమైనా పిల్లలతోపాటు పెద్దలు కూర్చునేవారు. 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు ‘క్విజ్ టైమ్’, 2000 సంవత్సరం జులై 3న అమితాబ్ బచ్చన్ కోట్ల రూపాయల క్విజ్. తెలుగులో 2014లో నాగార్జున గారు ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ నడిపారు. అక్కడితో పల్లెల్లో ముసలమ్మలకు కూడా లైఫ్‌లైన్ అంటే ఏమిటో తెలిసిపోయింది.

మరి దీనికి తెలుగు మాట లేదా అని మొన్న ఒక మిత్రుడు నిలదీశాడు. యక్షప్రశ్నలు అందామా అంటే, అవి ధర్మరాజు ప్రాణం మీదకు, నలుగురు తమ్ముళ్ల ప్రాణం మీదకు వచ్చిన ప్రశ్నలు, వినోదం కాదు. శల్యపరీక్ష అందామా అంటే అది ఆడిట్ వారి సొత్తు. ప్రశ్నోత్తరాలు అనే మాట అసెంబ్లీవాళ్లు పట్టుకుపోయారు. మాట సంగతి ఏమో గాని, క్విజ్ అనే వస్తువు మాత్రం తెలుగువాళ్ల దగ్గర ఇంగ్లీషువాడికంటే ముందునుంచే ఉంది. అదే అవధానం.

మన చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో మీరంతా చూసినవారే. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు. పృచ్ఛకుడంటే అడిగేవాడు. ఒకాయన సమస్య ఇస్తాడు, ఒకాయన దత్తపది ఇస్తాడు, ఒకాయన అక్షరం అక్షరానికీ అడ్డం పడుతూ నిషిద్ధాక్షరి చేయిస్తాడు. మధ్యలో గంట కొడుతుంటారు, లెక్క గుర్తుండాలి. వీళ్లందరిలో జనానికి ఇష్టుడు ఎవరు? అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన. అవధాని పద్యం పాదంలో మునిగి ఉన్నప్పుడు ‘అవధాని గారూ, ఇంట్లో వంట మీరు చేస్తారా, ఆవిడ చేస్తారా?’ అని అడుగుతాడు. ధ్యాస చెదరగొట్టడమే ఆయన ఉద్యోగం. ప్రశ్న, వేళాకోళం రెండూ ఒకే నోట్లో. క్విజ్ మాటకున్న రెండు అర్థాలూ ఒకే కుర్చీలో కూర్చున్నాయి. తిరుపతి వెంకట కవులు ఊరూరా అవధానాలు చేసి ఈ ప్రక్రియకు ఎంత పేరు తెచ్చారో నేను చెప్పనక్కరలేదు.

అయితే అక్కడ ఒక కట్టుబాటు ఉంది. అవధాని తనంతట తాను శాలువా కప్పుకుని ఆ పీట మీద కూర్చున్నవాడు. పృచ్ఛకుడు ఎకసెక్కం ఆడితే తక్షణం తిరిగి అంటించే హక్కు ఆయనకు ఉంది. నవ్వు ఇటునుంచి అటు పోతుంది, అటునుంచి ఇటు వస్తుంది. చివర ఇద్దరూ నమస్కారాలు పెట్టుకుంటారు. జవాబు చెప్పే హక్కు లేనివాణ్ణి అడిగితే అది అప్రస్తుత ప్రసంగం కాదు, ఉత్త అప్రస్తుతం.

ఇప్పుడు ఆ కంటద్దం సంగతి. కిందటి వర్షాకాలంలో గ్రంథాలయం దగ్గర టీ బండి వద్ద నిలబడి ఉన్నాను. మన ఈడువారే ఒకాయన, మన సంఘ సభ్యులు కారు లెండి, అందుకే ధైర్యంగా చెబుతున్నాను. పక్కన టీ తాగుతున్న ఒక అబ్బాయిని పట్టుకున్నారు.

“ఏం బాబూ, ఏ ఊరు?”

“వనపర్తి దిక్కు, అంకుల్.”

“ఇక్కడికొచ్చి ఎన్నేళ్లయింది?”

“ఆరేండ్లయితుంది.”

“ఆరేళ్లా! ఇంకా ఏదీ రాలేదా? మా అల్లుడు మొదటిసారికే కొట్టాడయ్యా బ్యాంకు. నాన్నగారేం చేస్తారు? వ్యవసాయమా? మరి డబ్బు ఎవరు పంపుతున్నారు? వయసెంత? పెళ్లి మాటేమిటి?”

ఒక్క గుక్కలో అన్నీ. ఆయన ముఖంలో చెడ్డతనమేమీ లేదు. కాలక్షేపం, అంతే. చుట్టూ ఉన్న నలుగురూ జవాబు కోసం అబ్బాయి వైపు తిరిగారు. అతను చిన్నగా నవ్వి, గ్లాసు కిందపెట్టి, “వస్త అంకుల్, టెస్టున్నది” అని వెళ్లిపోయాడు. ఆ ప్రశ్నలు 1782 నాటి క్విజ్. కంటద్దమొక్కటే తక్కువ.

ఆరేళ్లు అన్నప్పుడు ఆ ఆరేళ్లలో ఏముందో మనం లెక్కవేయాలి కదా, లెక్కలు చూసి బతికినవాళ్లం. 2014లో తెలంగాణ వచ్చాక గ్రూప్-1కు మొట్టమొదటి ప్రకటన 2022 ఏప్రిల్‌లో వచ్చింది, 503 పోస్టులకు. ప్రిలిమినరీ 2022 అక్టోబరు 16న జరిగింది. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కడంతో 2023 మార్చిలో దాన్ని రద్దు చేశారు. మళ్లీ 2023 జూన్ 11న పెట్టారు. దాన్ని ఆ సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటనే పోయి, 563 పోస్టులకు కొత్తది వచ్చింది. 2024 జూన్ 9న ముచ్చటగా మూడోసారి ప్రిలిమినరీ. సుమారు 3 లక్షల మంది రాస్తే మెయిన్స్‌కు అర్హులైనవారు 31 వేల పైచిలుకు. ఆ అక్టోబరులో మెయిన్స్ వాయిదా వేయాలని పిల్లలు అశోక్‌నగర్ రోడ్ల మీదికి వచ్చారు, పోలీసులూ వచ్చారు, మనం బాల్కనీల్లోంచి చూశాం. పరీక్ష ఆగలేదు. ఫలితాలు వచ్చాక వాటి మీద మళ్లీ కోర్టులు.

అంటే ఒకే ఉద్యోగానికి ఒకే మొదటి మెట్టు మూడుసార్లు ఎక్కారు. రెండుసార్లు ఆ మెట్టే ఉండకుండా పోయింది. అందులో పాసయినవాడు పాసయినట్టు కాదు, ఫెయిలయినవాడు ఫెయిలయినట్టూ కాదు. అలాంటి అబ్బాయిని ‘ఇంకా రాలేదా?’ అంటే ఏం చెబుతాడు? ఆ ప్రశ్నకు జవాబు అతని దగ్గర లేదు. జవాబు లేని ప్రశ్నను ఏ పేపరులో ఇచ్చినా మార్కు కలిపి రద్దు చేస్తారు.

ఇంకో సంగతి. ఆ ప్రిలిమినరీ పేపరు 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. ప్రశ్నకు ఒక నిమిషం. చదవడానికి, నాలుగు జవాబులు చూసుకోవడానికి, గుండ్రం నింపడానికి కలిపి అంతే. ఇది త్రాసూ కాదు, మూసా కాదు. అచ్చంగా క్విజ్, కాకపోతే జీవితంతో ముడిపెట్టిన క్విజ్. లక్షలమందిలోంచి వేలమందిని ఏరాలంటే ఇంతకంటే వేరే దారి చూపించమంటే నేనూ చూపించలేను. కాని ఏరడం వేరు, పరీక్షించడం వేరు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరి, రాలిపోయినవాళ్లందరికీ చదువు రాదని మాత్రం అనకూడదు.

మన కాలంలో పరీక్షలు లేవా అంటే ఉన్నాయి. డిపార్ట్‌మెంటల్ టెస్టులు! అకౌంట్ టెస్ట్ ఫర్ సబార్డినేట్ ఆఫీసర్స్ పార్ట్ వన్ అంటే ఈ సభలో ఇప్పటికీ కొందరికి కడుపులో తిప్పుతుంది. ఫండమెంటల్ రూల్సు, ఫైనాన్షియల్ కోడు, ట్రెజరీ కోడు. ఆఫీసు అయ్యాక నారాయణగూడలో ఇరానీ హోటల్లో ఒక చాయ్ ఇద్దరం పంచుకుని, రూలు నంబర్లు ఒకరినొకరం అడుక్కునేవాళ్లం. అది మా క్విజ్ క్లాసు. వాటిలో కొన్ని పేపర్లకు పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాయనిచ్చేవారు. బయటివాళ్లకు చెబితే నవ్వేవారు, పుస్తకాలు చూసి రాయడం కూడా పరీక్షేనా అని. పుస్తకాలు ఇచ్చినా తప్పినవాళ్లు ఈ సభలో లేకపోలేదు, పేర్లు చెప్పను. ఏ రూలు ఎక్కడుందో, ఏ రూలు దేనికి వర్తిస్తుందో తెలియనివాడికి పుస్తకం ఇచ్చినా ఒకటే, ఇటుక ఇచ్చినా ఒకటే. నా దృష్టిలో గుమాస్తాకు అంతకు మించిన సరైన పరీక్ష లేదు. రేపు సీట్లో కూర్చున్నప్పుడు అతను చేయవలసింది అదే పని.

పైగా అసలు తేడా ఇంకొకటి ఉంది. మనం ఆ టెస్టులు రాసేనాటికి ఒకటో తారీఖున జీతం అందుకుంటున్నాం. తప్పితే ప్రమోషను ఆగుతుంది, మళ్లీ ఆరు నెలలకు ఫీజు కట్టుకుంటాం. ఇంట్లో పొయ్యి ఆరదు. ఈ పిల్లలు పొయ్యి వెలిగించుకోవడానికే రాస్తున్నారు. హాస్టల్ అద్దె, మెస్ బిల్లు, స్టడీ హాలు నెల ఫీజు, పుస్తకాలు, అన్నీ ఊళ్లోంచి రావాలి. రెండిటినీ టెస్టే అంటున్నాం గాని, రెండూ ఒకటి కావు.

మాక్ టెస్ట్ సంగతి చెప్పడం మరిచాను. మాక్ అంటే ఉత్తుత్తి అని మనకు తెలుసు. ఆ మాటకు మొదటి అర్థం అదీ వెక్కిరించడమే. ఇంగ్లీషువాడు చదువుకు, వెక్కిరింతకు ఇంత చుట్టరికం ఎందుకు పెట్టాడో వాడినే అడగాలి.

మా మేడ మీద గదిలో నాలుగేళ్లు ఉన్న ఒక అబ్బాయి గ్రూప్-4 రాశాడు. ఆ పరీక్ష 2023 జులై 1న జరిగితే ఉద్యోగం చేతికి వచ్చేసరికి 2024 ఆఖరయింది. జూనియర్ అసిస్టెంటుగా చేరాడు, అంటే మన సీటే. గది ఖాళీ చేసి వెళ్లినా ఇప్పటికీ ఆదివారం ఆదివారం వస్తాడు. ఈసారి ప్రశ్నలు వేసేది అతను. “అంకుల్, సెలవు మీద పోయినోడు ఎనకకు రాకుంటే ఏం రాయాలె? నోట్ ఫైల్‌ల మొదలు ఏం పెట్టాలె? సర్వీసు రిజిస్టర్‌ల ఈ ఎంట్రీ ఎవరు చేయాలె?” అని కాగితం మీద రాసుకుని మరీ వస్తాడు. మా ఆవిడ పెసరట్టు పెడుతుంది, నేను రూలు చెబుతాను. కొన్నిటికి “చూసి చెబుతాను, వచ్చే వారం రా” అంటాను. కంప్యూటరు వచ్చాక కొన్ని పద్ధతులు మారిపోయాయి, వాటిలో అతనే నాకు చెబుతున్నాడు. నవ్వు ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ పోతోంది.

ఇప్పుడు అతను డిపార్ట్‌మెంటల్ టెస్టులకు కట్టాడు. తనతో పాటు ఇంకో నలుగురిని తీసుకొస్తానంటున్నాడు, అందరూ కొత్తగా చేరినవాళ్లే. నా దగ్గరున్న ఫండమెంటల్ రూల్స్ పుస్తకం పాత ముద్రణ, అట్ట కూడా ఊడిపోయింది. ట్రెజరీ కోడు అసలే లేదు. మీలో ఎవరి ఇంట్లోనైనా అటక మీద కొత్త ముద్రణలు ఉంటే వచ్చే ఆదివారం లోపల సంఘం ఆఫీసులో ఇచ్చి పోవలసిందిగా కోరుతున్నాను. ట్రెజరీ, ఆడిట్ వైపు పనిచేసిన వారు ఒకరిద్దరు ఉదయం పదింటికి మా ఇంటికి వస్తే ఇంకా మంచిది. పెసరట్టు ఉంటుంది.

కార్యదర్శి గారు వాచీ చూస్తున్నారు.